ఫోన్‌కు తాళం వేసే అధికారం అప్పులవాళ్లకు ఇవ్వకండి: రిజర్వు బ్యాంకు గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గవర్నర్ గారికి, డిప్యూటీ గవర్నర్లకు నమస్కారం.

వాయిదాల మీద కొన్న ఫోన్‌కు కిస్తీ కట్టకపోతే, ఆ ఫోన్‌ను దూరం నుంచే పనిచేయకుండా ఆపేసే వీలు అప్పిచ్చిన సంస్థలకు కల్పించే ఆలోచన మీ దగ్గర ఉందని 2025 సెప్టెంబరులో రాయిటర్స్ వార్తా సంస్థ రాసింది. ఇలాంటి తాళాలు వేయడం మానుకోమని 2024లో ఆ సంస్థలకు చెప్పింది కూడా మీరేనని అదే వార్తలో ఉంది. అక్టోబరు మొదట్లో ద్రవ్య పరపతి విధాన సమీక్ష అయ్యాక విలేఖరులు అడిగితే, విషయం పరిశీలనలో ఉందని, రెండు వైపులా మంచిచెడ్డలు ఉన్నాయని మీ ఉన్నతాధికారులు జవాబిచ్చారు.

ఆ రెండు వైపుల్లో ఒక వైపు వాళ్లకు సంఘాలున్నాయి, లాయర్లున్నారు, ముంబైలో మీ ఆఫీసు తలుపు ఎలా తట్టాలో తెలుసు. రెండో వైపు ఉన్నది పదిహేను వేల ఫోన్‌ను వాయిదాల మీద కొనుక్కున్న మనిషి. ఆ మనిషి మాట మీ బల్ల మీదికి చేరాలని ఈ లేఖ రాస్తున్నాను. వినియోగదారుల ఫిర్యాదులకు దరఖాస్తులు రాసిపెట్టడం నాకు అలవాటైన పని. ఫైనాన్స్ వాళ్లతో ఇబ్బంది పడ్డవాళ్ల కాగితాలు చాలా చూశాను.

అప్పు తీసుకున్నవాళ్లు అప్పు తీర్చాలి. అందులో నాకు రెండో మాట లేదు. తీర్చని వాడి మీద దావా వేయండి, అప్పుల చరిత్ర నమోదు చేసే సిబిల్‌లో రాయండి, చట్టం ఒప్పుకున్న దారిలో వసూలు చేయండి. ఫోన్‌కు తాళం మాత్రం వసూలు కాదు. వస్తువును జప్తు చేసి అమ్మితే ఎంతో కొంత అప్పులో తగ్గుతుంది. ఆటో కిస్తీలు కట్టకపోతే ఆటోను తీసుకెళ్లి వేలం వేస్తారు, వచ్చిన డబ్బు ఖాతాలో జమ చేస్తారు. అది న్యాయంగా జరుగుతోందా లేదా అన్నది వేరే చర్చ, లెక్కయితే ఒకటి ఉంది. ఫోన్‌కు తాళం వేస్తే బాకీలో ఒక్క రూపాయి తగ్గదు. ఫోన్ కొన్నవాడి జేబులోనే ఉంటుంది, ఎవరికీ పనికిరాకుండా. ఆ మనిషిని ఊపిరాడకుండా చేసి, ఎక్కడో ఒకచోట మరో అప్పు తెచ్చి కట్టేలా చేయడమే దాని పని.

తెలుగు పల్లెలకు ఈ పద్ధతి కొత్త కాదు. అప్పు కట్టలేదని సహకార బ్యాంకుల వాళ్లు వచ్చి రైతు ఇంటి తలుపులు ఊడదీసుకుని పోయిన రోజులు మన పెద్దలకు గుర్తే. ఆ తలుపులు అమ్మితే ఎంత వస్తుంది? బాకీ తీరడానికి కాదు వాటిని తీసుకెళ్లింది. ఆ రాత్రి ఇల్లు బార్లా తెరుచుకుని ఉండాలి, వీధి అంతా చూడాలి, అందుకు. ఇప్పుడు అడుగుతున్న అధికారం కూడా ఆ జాతిదే. కాకపోతే తలుపు తీయడానికి మనుషులు ఊళ్లోకి రావాలి, ఊరు అడ్డుపడొచ్చు. ఫోన్‌కు తాళం వేసే వాడు ఎవరికీ కనపడడు, వాణ్ని అడ్డుకునేవాళ్లూ ఉండరు.

ఇక చట్టం సంగతి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ మీకు తెలియనిది కాదు. కోర్టు డిక్రీ ఇచ్చిన తర్వాత కూడా బాకీదారు దగ్గర జప్తు చేయకూడని వస్తువులను ఆ సెక్షన్ చెబుతుంది. ఒంటి మీది బట్టలు, వంట పాత్రలు, పడకలు, చేతిపనివారి పనిముట్లు, రైతయితే సేద్యపు సామాను, బతకడానికి అవసరమైన పశువులు, విత్తనాలు. కూలీల, ఇంటి పనివారి కూలి డబ్బులను కూడా ముట్టుకోవద్దంటుంది. తెల్లదొరల కాలంలో రాసిన చట్టం అది. అప్పులిచ్చేవాళ్ల మీద ప్రేమ లేక అలా రాయలేదు. పనిముట్టు లాక్కుంటే మనిషి సంపాదించలేడు, సంపాదించలేనివాడు అప్పు తీర్చలేడు అన్న ఇంగితం అది.

ఇవాళ పనిముట్టు అంటే ఏమిటో హైదరాబాద్‌లో ఏ కూడలిలో నిలబడినా కనిపిస్తుంది. బైక్ హ్యాండిల్‌కు తగిలించిన ఫోన్ ఆగిపోతే డెలివరీ కుర్రాడికి ఆ పూట ఆర్డర్ లేదు. క్యాబ్ డ్రైవర్‌కు బుకింగ్ లేదు. కూరగాయల బండి మీద క్యూఆర్ కోడ్ అతికించి ఉన్నా, డబ్బు పడిందో లేదో చూసుకోవడానికి చాలామందికి చేతిలో ఫోనే ఆధారం. బ్లౌజులు కుట్టే ఆడవాళ్లకు డిజైన్లు వాట్సాప్‌లోనే వస్తాయి. పెయింటర్, ఎలక్ట్రీషియన్, పెళ్లిళ్లకు వంట చేసేవాళ్లు, వీళ్లందరికీ దుకాణం బోర్డు అంటే తమ ఫోన్ నంబరే. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తకపోతే పని పక్కవాడికి పోతుంది, ఒకసారి పోయిన గిరాకీ మళ్లీ రాదు.

ప్రభుత్వాలే జనాన్ని ఫోన్‌లోకి నెట్టాయి కదా. 2025 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో ధ్రువపత్రాలు, బిల్లులు, దరఖాస్తులను వాట్సాప్‌లోకి తెచ్చింది. ఆధార్‌తో చాలా పనులకు ఓటీపీ రావాలి. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టాలన్నా చాలాసార్లు ఓటీపీ రావాలి, అలా రెండోసారి ధ్రువీకరించుకోవాలన్న నిబంధన పెట్టింది మీరే. ఇంటర్ పిల్లల ఫలితాలు, ఎప్‌సెట్ ర్యాంకు, కౌన్సెలింగ్ సీటు కేటాయింపు మెసేజ్, అన్నీ ఇంట్లో ఉన్న ఆ ఒక్క ఫోన్‌కే వస్తాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇళ్లలో గల్ఫ్‌లో ఉన్న మనిషి ముఖం కనిపించేది దాంట్లోనే. ఆపదలో ఉన్న ఆడవాళ్ల కోసం ఆంధ్రలో శక్తి యాప్, తెలంగాణలో టీ-సేఫ్ తెచ్చి, ఫోన్‌లో ఉంచుకోండమ్మా అని పోలీసులు ఊరూరా చెప్పారు. కిస్తీ తప్పిన ఇంటి ఆడపిల్లకు ఆ రక్షణ ఎవరు చూసుకుంటారు? 112కు ఫోన్ చేసే వీలు వదిలేస్తాం అంటారు తాళం వేసేవాళ్లు. ప్రాణం పోయేటప్పుడు తప్ప మిగతా బతుకంతా బంద్ చేస్తాం అని దానర్థం.

డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు బ్యాంకులు అడిగే గుర్తింపు ధ్రువీకరణ (కేవైసీ) పూర్తి చేయలేక పడుతున్న అవస్థల మీద వచ్చిన తీర్పు అది. కన్ను ఆర్పలేనివారు కూడా ఖాతా తెరవగలగాలని కోర్టు ఆదేశించిన ఏడాదిలోనే, కిస్తీ తప్పినవాళ్లకు ఆ దారే మూసేద్దామా అని పరిశీలించడం నాకు మింగుడు పడడం లేదు.

ఈ తాళం ఎలా పనిచేస్తుందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రమాదం అక్కడే ఎక్కువ. ఫోన్ అమ్మేటప్పుడే అందులో ఒక యాప్‌ను మామూలు యాప్‌లా కాకుండా మొత్తం పరికరానికి యజమాని హోదాలో కూర్చోబెడతారు. ఉద్యోగులకు ఇచ్చే ఫోన్లను కంపెనీలు అదుపులో పెట్టుకోవడానికి ఆండ్రాయిడ్‌లో ఉన్న ఏర్పాటు అది. ఇలా తాళం వేయడానికి శాంసంగ్‌కు నాక్స్ గార్డ్ అనే సేవ ఉంది. గూగుల్ కూడా ఇలాంటిది తయారు చేసింది. 2020లో కెన్యాలో సఫారీకామ్ అనే టెలికాం సంస్థతో కలిసి రోజుకు 20 షిల్లింగుల వాయిదాతో పేదలకు 4జీ ఫోన్లు ఇచ్చినప్పుడు, కట్టనివాళ్ల ఫోన్లు ఆగిపోయే ఏర్పాటు అందులో ఉంది. ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసినా ఇలాంటి తాళం పోకుండా చేయగలరు. అంటే కిస్తీలు తీరేదాకా ఆ ఫోన్‌కు ఇద్దరు యజమానులు. డబ్బు కట్టేది ఒకరు, చివరి మాట ఇంకొకరిది.

తాళం వేసినా లోపలి సమాచారం చూడకూడదని షరతు పెడతారని ఆ వార్తలో ఉంది. షరతు మంచిదే. కానీ అంత లోతైన అనుమతి ఉన్న యాప్‌ను కోట్ల ఫోన్లలో పెట్టాక, దాన్ని నడిపే సర్వర్ మీద ఒక్కసారి దొంగలు పడితే, లేదా లోపలి ఉద్యోగి ఒకడు బుద్ధి గడ్డి తింటే, జవాబు చెప్పేది ఎవరు? మోసగాళ్లు ఊరుకుంటారా? ‘మీ ఫోన్ ఇంకో గంటలో లాక్ అవుతుంది, ఈ లింకు నొక్కి కట్టండి’ అన్న మెసేజ్ మర్నాడే మొదలవుతుంది. ఇవాళ అలాంటిది వస్తే అబద్ధమని జనానికి చెప్పగలుగుతున్నాం. మీరు అనుమతించిన నాటి నుంచి అలా చెప్పే అవకాశం మాకు ఉండదు. పోయిన ఫోన్లు, ఫోన్ మోసాల ఫిర్యాదుల కోసం తెచ్చిన సంచార్ సాథీ యాప్‌ను కొత్త ఫోన్లన్నింటిలో ముందే వేయాలని ఇచ్చిన ఆదేశాన్ని కేంద్రం 2025 డిసెంబరులో కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది. తమ ఫోన్ మీద ఇంకొకరి చెయ్యి పడుతుందంటే జనం ఎంత గట్టిగా కాదన్నారో అప్పుడు అందరూ చూశారు. అది ప్రభుత్వ యాప్. ఇది లాభం కోసం నడిచే కంపెనీ చేతిలో ఉండే తాళం.

కొనేవాడు ముందే ఒప్పుకుంటాడు కదా అన్నది దీనికి చెప్పే పెద్ద సమర్థన. ఆ ఒప్పుకోలు ఎలా జరుగుతుందో చూడాలంటే దసరాకో దీపావళికో ఏదైనా జిల్లా కేంద్రంలో సెల్‌ఫోన్ షాపుకు వెళ్లండి. ఫైనాన్స్ కంపెనీ కుర్రాడు టేబుల్ వేసుకుని కూర్చుంటాడు. ఆధార్, పాన్ తీసుకుంటాడు, ఫొటో తీస్తాడు, ఓటీపీ చెప్పమంటాడు, తన ట్యాబ్‌లో తనే టిక్కులు పెట్టుకుంటూ పోతాడు. పావుగంటలో ఫోన్ చేతికి వస్తుంది. ఒప్పందం ఇంగ్లీషులో పేజీలకు పేజీలు ఈమెయిల్‌కు పోతుంది, ఆ ఈమెయిల్ చాలాసార్లు ఆ కుర్రాడే అప్పటికప్పుడు తెరిచింది. సిబిల్ బాగాలేదంటే బావమరిది పేరు మీద, తమ్ముడి పేరు మీద తీసుకుంటారు. ఇప్పుడు ఎవరు ఒప్పుకున్నట్టు? ఎవరి ఫోన్ ఆగుతుంది? ఫోన్ చేతులు మారి సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడి సంగతి ఏమిటి?

కిస్తీ తప్పడమంటే అన్నిసార్లూ ఎగవేత కాదు. జీతం రెండు రోజులు ఆలస్యమైతే, ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యే కిస్తీ (ఆటో డెబిట్) తిరిగొస్తుంది. ఖాతాలో నలభై రూపాయలు తగ్గినా తిరిగొస్తుంది. దానికి బ్యాంకు ఒక ఛార్జీ, ఫైనాన్స్ కంపెనీ ఒక ఛార్జీ, ఆ ఛార్జీలు కలిసి వచ్చే నెల కిస్తీనీ బౌన్స్ చేయిస్తాయి. మాకు తెలిసిన ఒకాయన పెళ్లిళ్లకు వంటలు చేస్తారు. 2024కు ముందు, తాళాలు వేయడం ఇంకా నడుస్తున్న రోజుల్లో, మంచి ముహూర్తాల సీజనులో ఆయన ఫోన్ ఆగిపోయింది. కిస్తీ షాపులోనే నగదుగా కట్టి రసీదు కూడా తీసుకున్నారు, కంపెనీ లెక్కలో అది ఎక్కలేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేద్దామంటే ఆ ఫోనే కదా ఆగింది. కొడుకు ఫోన్ నుంచి చేస్తే ‘రిజిస్టర్డ్ నంబరు నుంచి చేయండి’ అన్నారు. తాళం తీసేసరికి రెండు పెళ్లిళ్ల వంట వేరేవాళ్లకు వెళ్లిపోయింది. ఆ నష్టానికి ఆయనకు ఎవరూ పైసా ఇవ్వలేదు, ఇవ్వాలని చెప్పే నిబంధనా లేదు. ఆయన బాకీదారు కూడా కాదు, గవర్నర్ గారూ. డబ్బు కట్టిన మనిషి.

మీ దగ్గర ఉన్న ఫిర్యాదు దారి ఇలాంటి వారికి అందదు. ఖాతాదారుల ఫిర్యాదులు వినే మీ సమీకృత అంబుడ్స్‌మన్ పథకం ప్రకారం ముందు కంపెనీకి రాయాలి, 30 రోజులు చూడాలి, అప్పుడు మీ దగ్గరికి రావాలి. వడ్డీ తప్పు లెక్క కట్టారన్న ఫిర్యాదుకు 30 రోజులు ఆగొచ్చు. డెలివరీ కుర్రాడి ఫోన్ 30 రోజులు ఆగితే ఆ ఇంట్లో అద్దె ఎవరు కడతారు? అన్నిటికంటే ముందు, ఆ ఫిర్యాదు పెట్టాల్సింది కూడా ఫోన్‌లోనే.

అయినా నేను మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఈ విషయంలో మా ముఖ్యమంత్రులకు రాసి లాభం లేదు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణ సంస్థల వసూళ్లకు మహిళలు ప్రాణాలు తీసుకుంటున్న వేళ, ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం ఇంటి మీదికి రావడం ఆపి, నెలకోసారి పంచాయతీ ఆఫీసు దగ్గరే వసూలు చేయాలంది. అది చట్టమైంది. రుణ సంస్థలు దెబ్బతిన్నాయి, నిజమే, దాని మీద ఆర్థికవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. కానీ ఇంటి గుమ్మంలో కూర్చుని పరువు తీయడం ఆగింది. రిజర్వు బ్యాంకు రిజిస్ట్రేషన్ ఉన్న ఫైనాన్స్ సంస్థలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తర్వాత 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, సూక్ష్మ రుణ చట్టం కూడా అలాంటి సంస్థలకు వర్తించదంది. అంటే ఇప్పుడు ఈ సంస్థలకూ మాకూ మధ్య నిలబడగలిగింది మీరొక్కరే. మీరు పక్కకు తప్పుకుంటే వెనక ఇంకెవరూ లేరు.

మీరు నిలబడగలరని కూడా తెలుసు. 2020లో లాక్‌డౌన్ తర్వాత లోన్ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులన్నీ లాక్కుని, చుట్టాలకూ ఆఫీసువాళ్లకూ అసభ్యమైన మెసేజ్‌లు పంపితే తెలంగాణలో వరసగా మనుషులు చనిపోయారు. మీరు 2021 జనవరిలో కమిటీ వేశారు. 2022 సెప్టెంబరు నిబంధనల్లో, అప్పిచ్చే యాప్ ఫోన్‌లోని ఫైళ్లు, కాంటాక్టులు, కాల్ వివరాల జోలికి పోకూడదని రాశారు. రికవరీ ఫోన్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 దాటాక చేయకూడదని అదే ఏడాది ఆగస్టులో చెప్పారు. అప్పిచ్చినవాడి చెయ్యి బాకీదారు ఫోన్‌లోకి పోకూడదన్నది మీరు గీసిన గీతే. ఏడు దాటాక ఫోన్ చేయడమే తప్పయినప్పుడు, అర్ధరాత్రి ఆ ఫోన్‌నే చంపేయడం ఒప్పెలా అవుతుంది?

ఫైనాన్స్ కంపెనీల మాట కూడా విన్నాను. చిన్న అప్పుల్లోనే ఎగవేతలు ఎక్కువ, ఒక్కొక్కరి మీద దావా వేస్తే ఖర్చే ఎక్కువ, తాళం ఉంటే సిబిల్ లేనివాళ్లకూ ధైర్యంగా అప్పివ్వగలం అంటారు. చివరి మాటలో నిజం లేకపోలేదు. చేతిలో డబ్బు లేని పిల్లలకు ఫోన్ దొరకడానికి ఈ కిస్తీలే దారి. కానీ ఈ అప్పులను తాకట్టు లేని అప్పులుగా ఇస్తున్నారు, ఆ రిస్కుకు తగ్గ వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, బౌన్స్ ఛార్జీ ముందే వేసుకుంటున్నారు. తాళం చేతికొస్తే అది తాకట్టు కంటే గట్టి పట్టు. వడ్డీ మాత్రం తాకట్టు లేని అప్పుదే. తాకట్టు ఉన్న పెద్ద అప్పుల వసూలుకు బ్యాంకులకు ఇచ్చిన సర్ఫేసీ చట్టంలో కూడా 60 రోజుల నోటీసు ఉంది, లక్ష రూపాయలు మించని అప్పులకు ఆ చట్టమే వర్తించదని మినహాయింపు ఉంది. కోట్లు ఎగ్గొట్టిన ఫ్యాక్టరీ యజమానికి రెండు నెలల గడువు ఇచ్చే దేశంలో, పదిహేను వేల ఫోన్‌కు ఒక్క బటన్ చాలా?

కాబట్టి నా విన్నపం సూటిగా ఇది. 2024లో మీరు చెప్పిన మాట మీదే ఉండండి. ఆ మాటను అన్ని సంస్థలకూ వర్తించే లిఖిత నిబంధనగా చేయండి. ఫైనాన్స్ సంస్థలతో పాటు, వాటి కోసం ఫోన్ అమ్మే షాపులకూ, తాళం సాఫ్ట్‌వేర్ ఇచ్చే కంపెనీలకూ అది తగలాలి. లేకపోతే పని పక్కవాడి చేత చేయించి, మేం వేయలేదంటారు.

అన్నీ విన్న తర్వాత కూడా ఏదో ఒక రూపంలో అనుమతించాలనే మీకు అనిపిస్తే, కనీసం కాల్స్, మెసేజ్‌లు, ఓటీపీలు, యూపీఐ, వాట్సాప్, ఆ మనిషి ఉపాధి యాప్‌లను ఎవరూ ముట్టుకోకుండా చూడండి. బాకీ మీద వివాదం ఉన్నంత కాలం తాళం అన్న మాట రాకూడదు. నోటీసు బాకీదారు చదవగలిగిన భాషలో, తాళం వేయడానికి 60 రోజుల ముందు కాగితం మీద ఇంటికి రావాలి. కంపెనీ కాని వేరే ఎవరైనా ఆ ఫైలు చూసి సరేననాలి. అప్పు తీరిన రోజే ఆ యాప్ ఫోన్‌లోంచి పూర్తిగా పోవాలి. పొరపాటున తాళం పడితే రోజుకు ఇంత అని పరిహారం మీరే నిర్ణయించండి. ఇది మీకు చేతకాని పనేం కాదు. ఇంటి అప్పు తీరాక దస్తావేజులు 30 రోజుల్లో తిరిగివ్వకపోతే రోజుకు 5,000 రూపాయలు కట్టాలని 2023లో బ్యాంకులకు చెప్పింది మీరే. సిబిల్ తప్పులు 30 రోజుల్లో దిద్దకపోతే రోజుకు 100 రూపాయలు కట్టాలన్నదీ మీరే. ఇల్లున్నవాడి కాగితానికి ఉన్న విలువ, ఫోన్ మీద బతికేవాడి రోజు కూలికీ ఉండాలి.

ఇంకొక్కటి. ముసాయిదా అంటూ ఏదైనా విడుదల చేస్తే దాన్ని తెలుగులోనూ, మిగతా భారతీయ భాషల్లోనూ అదే రోజు పెట్టండి. అభిప్రాయాలు చెప్పడానికి మూడు నెలలైనా ఇవ్వండి. వెబ్‌సైట్‌లో ఇంగ్లీషు ఫారం ఒక్కటే కాకుండా పోస్టు కార్డు మీద రాసినా తీసుకోండి. హైదరాబాద్‌లోని మీ ప్రాంతీయ కార్యాలయంలో ఒక రోజు కేటాయించి, ఫోన్ మీద బతికేవాళ్లను పిలిపించి నేరుగా వినండి. డెలివరీ కుర్రాళ్లను, ఆటోవాళ్లను, కుట్టుపని చేసే ఆడవాళ్లను అక్కడికి తీసుకొచ్చే పని మాలాంటి వాళ్లం చూసుకుంటాం. తేదీ ఎప్పుడో చెప్పండి.

ఇట్లు,
భవదీయుడు,
కరీంనగర్ నుంచి ఒక వినియోగదారుడు